కార్వర్ వేరు, కార్వెల్ వేరు

పోయిన ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో చింతపండు పిసుకుతుంటే పక్క గదిలోంచి సైరన్ వినిపించింది. మూడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత, ఆ వెనకే బరువైన ఇనుప తలుపు కిందికి జారిపడిన చప్పుడు. నా చేతులు గిన్నెలోనే ఆగిపోయాయి. ఇంటర్ పరీక్షలు అయిపోయాయని మా అమ్మాయి స్నేహితురాలి దగ్గర ఏదో పాత వీడియో గేమ్ తెచ్చుకుని ఆడుతోంది. తడి చేతులతోనే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. తెర మీద పొగ నిండిన సన్నటి నడవా కనిపిస్తోంది. "ఎడమకు తిరగొద్దు, అటు దారి లేదు. ఇంధనం గది తలుపు మూసేసి ఉంటుంది" అన్నాను. అది వెనక్కి తిరిగి నన్ను వింతగా చూసింది. "నువ్వు ఇది ఆడినావా అమ్మా?" అంది.

ఆడలేదు. ఒక్కసారి కూడా ఆడలేదు. కానీ ఆ అంతరిక్ష ఓడలో ఎన్ని అంతస్తులున్నాయో, ఏ అంతస్తులో ఎవరు ప్రాణం విడిచారో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట, ఆ ఆటను ఆధారం చేసుకుని రాసిన యుద్ధ నవలలను అక్షరం అక్షరం చదివి తప్పులు దిద్దే ఉద్యోగం చేశాను. ఆట పేరు, నవలల పేర్లు బయట చెప్పకూడదని అప్పట్లో మాచేత సంతకాలు పెట్టించుకున్నారు. ఆ కాగితానికి ఇప్పుడు విలువ ఉందో లేదో తెలియదు గానీ చెప్పాలంటే ఇప్పటికీ నాకు నోరు రాదు. నా స్వభావమే అంత. ఆ స్వభావానికి నీళ్ళు పోసి పెంచిన మనిషి కెప్టెన్ మేడమ్. ఆమె గురించి చెప్పకూడదని మాత్రం ఎవరూ సంతకం పెట్టించుకోలేదు.

తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు మీద ఒక బేకరీ పైన ఉండేది మా ఆఫీసు. విదేశీ ప్రచురణకర్తలు తమ పాత పుస్తకాలను పార్సిల్లో పంపేవారు. వాటిని స్కాన్ చేస్తే యంత్రం అక్షరాలను గుర్తుపట్టి కంప్యూటర్ ఫైలుగా మార్చేది. యంత్రానికి కళ్ళున్నాయి గానీ చదువు లేదు. ఇంగ్లీషులో ఆర్, ఎన్ పక్కపక్కన వస్తే ఎమ్ అనుకునేది. మరక పడితే కామా అనుకునేది. అలాంటివన్నీ ఏరడానికి పన్నెండు మంది ఆడపిల్లలం ఉండేవాళ్ళం. మా పైన ప్రూఫుల పెద్దగా కెప్టెన్ నాగరత్నం గారు. పూతలపట్టు దగ్గరి సేద్యపు కుటుంబంలో పుట్టి, మిలిటరీ ఆసుపత్రుల్లో నర్సుగా చేరి, కెప్టెన్ హోదాలో బయటికి వచ్చారు. తరువాత చాలాకాలం ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేసి, మోకాళ్ళు మొరాయించాక ఈ కుర్చీ ఉద్యోగానికి వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. అరవై దగ్గర పడిన వయసు, ఇస్త్రీ నలగని నూలు చీర, మణికట్టుకు లోపలివైపు తిప్పి పెట్టుకున్న గడియారం.

ఇంటర్వ్యూకు వెళ్ళిన రోజు ఆమె నా ముందు ఒక ఇంగ్లీషు పేజీ పెట్టి, తప్పులు పట్టమన్నారు. చెమటలు కక్కుతూ నాలుగు పట్టాను. "అయిదుండాయి" అన్నారు. మళ్ళీ చదివాను. మళ్ళీ మళ్ళీ చదివాను. కళ్ళు మసకబారాయి గానీ అయిదోది దొరకలేదు. ఆమె నా దరఖాస్తు తీసి ఆ పేజీ పక్కన పెట్టారు. "పైన హేమావతికి చివర ఐ పెట్టినావు. కింద సంతకంలో వై పెట్టినావు. ఈ ఇద్దరిలో నువ్వెవరుమే?" అన్నారు. నవ్వుతారేమోనని ఆమె మొహం కేసి చూశాను. నవ్వలేదు. నిజంగానే జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నదే నేనని, ఐ అని చెప్పాను. "అట్లయితే సోమవారం నుంచి రా" అన్నారు.

ఆ నవలలు మాకు మొదట నవ్వులాటగా ఉండేవి. భూమికి లెక్కలేనంత దూరంలో ఉన్న గ్రహాలు, వాటిని కాపాడే ఒక దళం, సముద్రంలో ఓడల్లాగా చీకట్లో తిరిగే వాహనాలు. ఆ దళానికి నాయకుడు సార్జెంట్ కార్వర్. ఆటలో ఆడేవాడు వేసుకునే వేషం అతనిదే కాబట్టి ప్రతి పుస్తకం అట్ట మీదా అతని శిరస్త్రాణమే. శత్రువులు ఎప్పుడో గానీ కనబడరు. నవలలో సగం పేజీలు సైనికులు ఒక ఇనుప తలుపు ముందు కూర్చుని, అది ఎప్పుడు తెరుచుకుంటుందో అని ఊపిరి బిగబట్టడమే. సుజాత అని నా పక్క సీటు అమ్మాయి, "మా ఊర్లో బస్సు కోసం ఎదురుచూసినట్టుండాదబ్బా" అనేది. మేము నవ్వేవాళ్ళం. కెప్టెన్ మేడమ్ మాత్రం స్కేలు ఒక్కో పంక్తి కింద జరుపుకుంటూ, పేరు వచ్చిన చోటల్లా పెదవులతో అక్షరాలు పలుకుతూ చదివేవారు. ఎవడికైనా గాయం తగిలితే పెన్సిలు ఆగిపోయేది. "పొట్టలో తగిలినోనికి నీళ్ళు తాపిస్తా ఉండాడు సూడు వీడు. అయ్యో" అనేవారు. మార్చే అధికారం మాకు లేదు కాబట్టి ఆ అయ్యో ఒక్కటే ఆమె చేయగలిగిన వైద్యం.

ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "ఇవి ఆట కోసం రాసిన కథలు మేడమ్. ఆటలో వీళ్ళు చచ్చిపోయినా మీట నొక్కితే మళ్ళీ లేస్తారంట."

"ఆటలో లేస్తారేమో. పుస్తకంలో యాడ లేస్తారు? పుస్తకంలో సచ్చినోడు సచ్చినట్టే గదా" అన్నారామె, స్కేలు మీది నుంచి కళ్ళు ఎత్తకుండానే.

అందుకే ఒక్కో నవలకు ఒక్కో నోటుబుక్కు పెట్టించేవారు. కథలో ఏ సిపాయి పేరు మొదటిసారి వచ్చినా అందులో ఎక్కాలి. పేరు, అక్షరాలు విడివిడిగా, హోదా, కనబడిన పేజీ, చనిపోతే ఆ పేజీ. మిలిటరీలో పొద్దున్నే పేర్లు పిలిచే పట్టికను నామినల్ రోల్ అంటారట. మా నోటుబుక్కులకూ ఆమె ఆ పేరే పెట్టారు. ఆఫీసులో అందరికీ అది దండగమారి పనిగా కనిపించేది. ఓనరు మురళి సార్ కూడా, "మనం పుస్తకం దిద్దుతాండామా, పటాలం నడుపుతాండామా మేడమ్?" అని వెటకారం చేసేవాడు. ఆమె పట్టించుకునేవారు కాదు. కానీ ఫైలు పంపే రోజు ఆమెను చూస్తే నాకు భయమేసేది. రెండుసార్లు మొహం కడుక్కునేవారు. పంపాక కూడా తన కాపీ తెరిచి చూసుకునేవారు. మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి తాళం లాగి చూసేవారు. ఇంత పెద్ద మనిషికి ఇంత కంగారు ఎందుకని అనుకునేదాన్ని. ఆరు నెలలు తిరిగేసరికి నేనూ తిరుచానూరు బస్సెక్కి, పంపిన ఫైలులో నూట నలభయ్యో పేజీ సరిగ్గా ఉందా లేదా అని ఇంటిదాకా కుములుతూ పోవడం మొదలుపెట్టాను.

ఆ ఏడాది ఆ ఆటలో కొత్త భాగం విడుదల చేస్తున్నారని, అదే రోజున మొదటి నాలుగు నవలలూ ఒకే సంపుటంగా రావాలని ప్రచురణకర్తలు పట్టుబట్టారు. సరిగ్గా మూడో నవల మొదలయ్యే సమయానికి కెప్టెన్ మేడమ్‌కు ఎడమ కంటిలో శుక్లం ముదిరింది. ఆపరేషన్ తప్పదన్నారు. పదిహేను రోజులు చదవకూడదన్నారు. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి, "రోల్ మరిచిపోవద్దుమే. పేర్లు నువ్వే రాయి, ఎవరికీ ఇయ్యొద్దు" అన్నారు. సరేనన్నాను. మనసులో మాత్రం గర్వం. మొదటిసారి ఒక పుస్తకం మొత్తం నా చేతి మీదుగా వెళ్తోంది. అంతలో గడువు ఇంకో రెండు రోజులు ముందుకు జరిగింది. మురళి సార్ గంటకోసారి వచ్చి కుర్చీ వెనక నిలబడేవాడు. రోల్ తరువాత రాద్దాంలే అనుకున్నాను.

మూడో నవలలో యంత్రం ఒక పేరును రెండు రకాలుగా చూపించింది. చాలాచోట్ల కార్వర్. పదిహేడు చోట్ల మాత్రం కార్వెల్. ఇంగ్లీషులో ఆ రెంటికీ తేడా చివరి అక్షరం ఒక్కటే. యంత్రం మళ్ళీ గుడ్డిదైందని నవ్వుకున్నాను. అసలు పుస్తకం బల్ల మీదే, చేతికి అందేంత దూరంలోనే ఉంది. తెరవలేదు. ఒక్క మీట నొక్కితే పుస్తకమంతటా పేరు మారిపోయే సదుపాయం ఉంది కదా. నొక్కాను. పదిహేడూ కార్వర్ అయిపోయాయి. ఆ సాయంత్రమే ఫైలు పంపేశాము. బస్సులో నాకు ఆ రోజు కంగారే లేదు. ఇప్పుడు తలచుకుంటే అదే ఆశ్చర్యం. ప్రతి చిన్నదానికీ వణికే నేను, వణకవలసిన రోజున మాత్రం పల్లీలు తింటూ ఇంటికి వెళ్ళాను.

మూడు రోజుల తరువాత నాలుగో నవల తెరిచాను. మొదటి అధ్యాయంలోనే దళం వరుసగా నిలబడి ఉంటుంది. గత యుద్ధంలో చనిపోయినవారి పేర్లను సార్జెంట్ కార్వర్ ఒక్కొక్కటిగా పిలుస్తాడు. పిలిచిన పేరుకు జవాబు రాదు. అందరూ ఒక్క క్షణం ఆగుతారు. మళ్ళీ ఇంకో పేరు. అలా అయిదో పేరుగా కార్వర్ పిలిచాడు: "సిపాయి కార్వెల్."

ఇదీ యంత్రం తప్పేననుకుని దిద్దడానికి వేలు మీట మీదికి పోయి ఆగిపోయింది. కార్వర్ తన పేరు తానే ఎందుకు పిలుచుకుంటాడు? అప్పుడు తీశాను, మూడో నవల అచ్చు ప్రతిని. పేజీలు తిప్పాను. కార్వెల్ అని వేరే ఒక సిపాయి ఉన్నాడు. దళంలో అందరికంటే చిన్నవాడు. మాటలు తక్కువ. చివరికి వచ్చేసరికి, మిగిలినవాళ్ళు తప్పించుకోవడానికి తలుపుకు అవతలి వైపు నిలబడి, గొళ్ళెం వదలకుండా పట్టుకుని అక్కడే ప్రాణం వదులుతాడు. నేను పంపిన ఫైలులో ఆ పని కార్వర్ చేస్తాడు. చేసి, తరువాతి పేజీలో బతికే ఉంటాడు. తలుపుకు ఇవతల నిలబడి తన పేరు పెట్టి తానే అరుస్తాడు. కార్వెల్ అనేవాడు మాత్రం ఆ పుస్తకంలో పుట్టనే లేదు.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి ఎన్ని కారణాలు వెతుక్కున్నానో! వీడియో గేమ్ పుస్తకం, ఎవడు అంత శ్రద్ధగా చదువుతాడు? అక్కడివాళ్ళు మళ్ళీ చూసుకోరా? చెబితే మురళి సార్ ఊరుకుంటాడా? నా ఒక్కదాని ఉద్యోగమైతే సరే, ఈ పని పోతే పన్నెండు మందిమీ వీధిన పడతాము కదా! సుజాత మామూలుగా మాట్లాడుతుంటే జవాబు చెప్పలేకపోయేదాన్ని. కరెంటు పోయి బ్యాటరీ పెట్టె కీచుమన్నప్పుడల్లా ఉలిక్కిపడేదాన్ని. ఇంట్లో మా అమ్మ గుడి ముందు అంగడికి పూలు కడుతూ, "ఏందే, రెండు దినాల్నుంచి అన్నం కెలికి లేస్తాండావు. ఎవురన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగింది. ఎవరూ ఏమీ అనలేదని చెప్పాను. నిజానికి అదే నా బాధ. ఎవరూ ఏమీ అనరు. ఎవరికీ తెలియదు.

మూడో రోజు పొద్దున ఆఫీసుకు వెళ్ళకుండా కొర్లగుంటలో కెప్టెన్ మేడమ్ ఇంటికి వెళ్ళాను. కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నారు. నిలబడే చెప్పాను. అంతా విన్నారు. తిడితే బాగుండునని ఎదురుచూశాను. "రోల్ రాసినావా?" అని మాత్రం అడిగారు. రాయలేదన్నాను. తల పంకించి, కూర్చోమని సైగ చేశారు.

"నాకప్పుడు నీ వయసే" అని మొదలుపెట్టారు. "ఉత్తరాన సరిహద్దులో గొడవ జరుగుతా ఉండాది. ఆసుపత్రి నిండా దెబ్బలు తగిలినోళ్ళే. ఇద్దరు పిల్లోళ్ళను ఒకేసారి తెచ్చినారు. ఒకడు హరిపాల్, ఒకడు హరిలాల్. పోయింది హరిలాలు. రిజిస్టర్లో నేను హరిపాలని రాసినాను. సావు కబురు తంతి హరిపాల్ వాళ్ళింటికి పోయింది. నాలుగు దినాలు ఏడ్సుకున్నాక తప్పు బయటపడి ఇంగో తంతి పోయింది, నీ కొడుకు బతికుండాడని. వాళ్ళ కత సరే. ఇంగో యింటి కత సూడు. ఆ నాలుగు దినాలూ హరిలాల్ వాళ్ళమ్మకు ఏమీ తెలీదు. నువ్వులూ బెల్లమూ కలిపి ఉండలు సేసి, కొడుకు పేరున పార్సిలు కట్టింది. తంతి సరిగ్గా పోయింటే ఆయమ్మ ఆ ఉండలు సేసుండేది కాదు. ఆ పార్సిలు వచ్చి నా సేతుల్లోనే పడింది."

"ఏం చేశారు మేడమ్?"

"ఏం జేస్తాను. వార్డులో పిల్లోళ్ళకు పంచినా. ఆయమ్మకు జాబు రాయాలని కూసుంటి. మూడుతూర్లు కూసుంటి. తప్పు నాదమ్మా అని ఒక్క ముక్క రాసేకి సెయ్యి రాలేదు. భయం."

ఆ మాట అన్నాక ఆమె మొహం గోడ వైపు తిప్పుకున్నారు. ఇన్నాళ్ళూ తాళం లాగి లాగి చూసుకునే ఆ చేతిని నేను కొత్తగా చూశాను. ఆమె భయం జరగబోయేదాని గురించి కాదు. ఎప్పుడో జరిగిపోయినదాని గురించి.

"ప్రింటు ఎప్పుడు?" అని అడిగారు. వారం ఉందన్నాను. "పోయి ఆ పుస్తకం, మన కాగితాలు తెచ్చుకోని రా. ఒక తప్పు కనపడిందంటే ఒకటే ఉండాదని కాదు."

రెండు రోజులు పొద్దున తొమ్మిది నుంచి దీపాలు పెట్టేవేళ దాకా ఆ మంచం పక్కన నేల మీద కూర్చుని చదివాను. ఎడమ పక్క అచ్చు ప్రతి, కుడి పక్క మా ఫైలు కాగితాలు. గట్టిగా చదవాలి, పేరు వచ్చినచోట అక్షరాలు పలకాలి. ఆమె కళ్ళు మూసుకుని వినేవారు. నా గొంతు తడబడినచోట, "ఆడ ఆగు. మళ్ళీ" అనేవారు. ఇంకో మూడు తప్పులు దొరికాయి. ఒకచోట ఒక వాక్యంలో 'నాట్' అనే మాటే ఎగిరిపోయి, కదలవద్దన్న ఆజ్ఞ కాస్తా కదలమన్నట్టు అయింది. రెండో రోజు సాయంత్రానికి తలుపు దగ్గర కార్వెల్ చనిపోయే పేజీకి వచ్చాము. ఈసారి సరైన పేరుతో చదివాను. "ఇంగొకసారి సదువు" అన్నారామె. చదివాను. "ఆ పిల్లోనికి ఎవురన్నా ఉండారా, ఇంట్లో? రాసినారా?" అని అడిగారు. లేదు, రాయలేదు అన్నాను.

మరునాడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, నా భుజం పట్టుకుని మెట్లెక్కి ఆఫీసుకు వచ్చారు. మురళి సార్ చెడ్డవాడు కాదు. కానీ విన్నాక అతని మొహం పాలిపోయింది. "మనమే పోయి మా పని బాగలేదని చెప్పుకుంటే ఇంగ ఎవరన్నా పని ఇస్తారా మేడమ్? ఇంతమంది పిల్లోళ్ళుండారు. ఆ సిపాయి లేడని ఎవురికి తెలుస్తాది?"

"ఈ పాపకు తెల్సు. నాకు తెల్సు. ఇద్దరు సాలదా?"

"మీ పేరుతో పంపండి అయితే. మీరు పెద్దోళ్ళు, ఏమనుకోరు."

నేను ఆశగా ఆమె వైపు చూశాను. ఆ ఆశను దాచుకోలేను. ఆమె తల అడ్డంగా ఊపారు. "నేను సెయ్యని తప్పుకు నేనెందుకు రాస్తాను? హేమ రాస్తాది. కింద దాని పేరే ఉండాల." అని నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. పన్నెండు వాక్యాల ఉత్తరం రాయడానికి గంటన్నర పట్టింది. రెండు పేర్లూ ఒకటే అనుకున్నానని, అసలు ప్రతి తెరిచి చూడలేదని రాశాను. వెనక సుజాత కుర్చీ కిర్రుమనడం వినబడింది. చదివి వినిపిస్తే కెప్టెన్ మేడమ్, "సూడలేదు అని రాసినావు గదా, అది ఉండనీ" అన్నారు. పంపాను. సరిచేసిన ఫైలునూ ఆ వెంటే పంపాను.

నాలుగు రోజులు జవాబు లేదు. ఆ నాలుగు రోజులూ ఆఫీసులో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. మాట్లాడకపోవడం న్యాయమేనని నాకూ అనిపించేది. అయిదో రోజు మధ్యాహ్నం వచ్చింది. అక్కడి సంపాదకురాలు రాసింది. అచ్చు మొదలయ్యేలోపే పేజీలు ఆపగలిగామని, సరిచేసిన ఫైలు అందిందని. ఆ కింద ఇంకో పేరా. కార్వెల్ అన్నది ఒక నిజమైన కుర్రవాడి ఇంటిపేరట. ఆ ఆటంటే ప్రాణం పెట్టేవాడట. జబ్బుపడి పంతొమ్మిదో ఏట చనిపోయాడు. అతని తల్లి ఆట తయారుచేసిన వాళ్ళకు ఉత్తరం రాస్తే, రచయిత మూడో నవలలో ఒక సిపాయికి ఆ పేరు పెట్టాడు. కొత్త సంపుటం వస్తే కొడుకు స్నేహితులకు తలా ఒక ప్రతి ఇవ్వాలని ఆమె ఎదురుచూస్తోందట. కుర్రవాడి పూర్తి పేరు కూడా ఆ మెయిలులో ఉంది. ఇక్కడ రాయను.

కెప్టెన్ మేడమ్‌కు అది చదివి వినిపిస్తూ మధ్యలోనే ఆగిపోయాను. సుజాత వచ్చి నా చేతిలోంచి కాగితం తీసుకుని మిగిలింది చదివింది. మేడమ్ కళ్ళద్దాలు తీసి, మంచి కంటిని చీర కొంగుతో అద్దుకున్నారు. "ఆయమ్మ పేరు రాసినారా?" అన్నారు. లేదన్నాము. "మూడో పుస్తకం రోల్ ఇంగా రాయలేదు గదా. కూసోని రాయి" అన్నారు. ఆ మధ్యాహ్నమంతా రాశాను.

ఇక్కడితో కథ సుఖంగా ముగిసిందని చెప్పగలిగితే బాగుండేది. సంపుటం వచ్చిన రెండు నెలలకు, ఆ వరుసలో మిగిలిన నవలలను వేరే చోటికి ఇస్తున్నామని ప్రచురణకర్తల నుంచి మెయిలు వచ్చింది. కారణం రాయలేదు. ఏడాది తిరగకుండానే ఆఫీసు మూతపడింది, బేకరీవాళ్ళు పైఅంతస్తు కూడా తీసుకున్నారు. సుజాత గూడూరులో నిమ్మకాయల మండీలో గుమాస్తాగా చేరింది. నా ఉత్తరం వల్లే పని పోయిందా, లేకపోయినా పోయేదా అన్నది నాకు ఈనాటికీ తెలియదు. చాలా ఏళ్ళ తరువాత మురళి సార్ బస్టాండులో కనిపిస్తే అడిగాను. "నాకూ తెలీదులే హేమా. తెలిసింటే కోపమన్నా పడేవాణ్ణి" అన్నాడు. ఆ మాట నన్ను ఓదార్చిందో గుచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

కెప్టెన్ మేడమ్ పూతలపట్టులో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయారు. నేను చిత్తూరులో ఒక కాలేజీ ఆఫీసులో చేరాక వీలైనప్పుడల్లా చూడడానికి వెళ్ళేదాన్ని. చివరిసారి వెళ్ళినప్పుడు, ఎంతోకాలంగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట అడిగేశాను. "ఆ నువ్వుల ఉండల తల్లికి ఆ తరువాత ఎప్పుడైనా రాశారా మేడమ్?"

"లేదుమే."

"నాచేత రాయించారు కదా."

"నీసేత రాయించినా" అన్నారు. "నాసేత రాయించేకి ఆ పొద్దు ఎవురూ లేకపోయిరి." చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఆ వానాకాలంలోనే ఆమె పోయారు.

ఆమె దగ్గర నేను ధైర్యం నేర్చుకున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆమెకే లేనిది నాకెలా ఇస్తారు? కాలేజీలో ఒక్క సర్టిఫికెట్ మీద సంతకం చేయించాలన్నా నాలుగుసార్లు చూస్తాను. కిటికీ అవతల వరుసలో నిలబడినవాళ్ళు విసుక్కుంటారు. అయినా తప్పులు జరుగుతూనే ఉన్నాయి. పోయిన ఏడాది ఫలితాలు వచ్చిన రోజున ఇద్దరు విద్యార్థినుల పేర్లు దగ్గరగా ఉంటే ఒకరి ఫలితం ఇంకొకరి పేరు మీద ఎక్కించి, పాసైన అమ్మాయి ఇంటికి తప్పిందని కబురు పంపాను. రెండో ఇంటికి ఇంకా కబురు పోలేదు. మరునాడు పొద్దున పట్టిక చూసుకుంటే తెలిసింది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో, ఆ పిల్ల ఏమైనా చేసుకుందేమోనని భయపడ్డాను. ముందు ఫోను చేయించి, పిల్ల క్షేమంగా ఉందని, పాసైన సంగతి వాళ్ళకు తెలిసిందని రూఢి చేసుకున్నాను. అక్కడితో వదిలేయవచ్చు. ఆఫీసు పొరపాటు అని చెబితే ఎవరూ మనిషిని అడగరు.

కానీ సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కాను. దిగి రెండు మైళ్ళు నడిచాను. దారి పొడుగునా వెనక్కి తిరిగిపోదామనే అనిపించింది. మామిడి తోపు దాటాక ఆ ఇల్లు. తండ్రి వాకిట్లో మోటారు విప్పి బాగుచేసుకుంటున్నాడు. ఎవరు కావాలని అడిగాడు. "కాలేజీ నుంచి వచ్చినాను. మీ అమ్మాయి పేరు తప్పు రాసింది నేనే" అన్నాను. అతను చేతిలోని పానా కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఇంట్లోకి కేకేశాడు. వాచిన కళ్ళతో ఆ పిల్ల గడప దగ్గరికి వచ్చింది. పేరు ఆమెది కాబట్టి, అదే మాట ఆమెకు మరోసారి చెప్పాను.